ఇంటి గిటారుకు ఐదు వాట్లు చాలు

సంపాదకుల వారికి నమస్కారములు.

నెల్లూరులో ఒక అపార్ట్‌మెంటు సంఘం వారు లిఫ్టు పక్కన అంటించిన నోటీసు నా చేత ఈ ఉత్తరం రాయిస్తోంది. ఫ్లాట్లలో ఎలక్ట్రిక్ గిటారును ఏ వేళలోనూ వాయించకూడదని, మాట వినని వారికి జరిమానా వేస్తామని అందులో ఉంది. ఆ భవనంలో ఉండే ఇంటర్మీడియట్ విద్యార్థి ఒకడు నా దగ్గర గిటారు నేర్చుకుంటున్నాడు. నోటీసు చూసిన తరువాత అతని తల్లిదండ్రులు, గిటారు అమ్మేసి పిల్లవాణ్ణి మాన్పించమంటారా అని నన్నే అడిగారు. ఇరుగుపొరుగు వారి ఫిర్యాదులో అబద్ధం లేదు. ఆ ఇంట్లో ఉన్నది పన్నెండు అంగుళాల స్పీకరుతో 100 వాట్ల యాంప్లిఫయరు. పెద్దది తీసుకుంటే రేపు స్టేజీకి కూడా పనికొస్తుందని దుకాణంలో చెప్పారట. వాట్లు ఎక్కువైతే నాణ్యత ఎక్కువనుకుని తండ్రి వాయిదాల మీద కొన్నాడు. గిటారును ఇంట్లోంచి వెళ్లగొట్టకుండానే ఆ భవనంలో అందరూ ప్రశాంతంగా ఉండే మార్గం ఉంది. ఇంటి సాధనకు ఐదు వాట్ల యాంప్లిఫయరు చాలు, మహా అయితే పది. ఈ సంగతి తల్లిదండ్రులకు, దుకాణాల వారికి, అపార్ట్‌మెంటు సంఘాల వారికి మీ పత్రిక ద్వారా చేరాలని నా కోరిక.

మన ప్రాంతంలో గిటారు పట్టే పిల్లలు ఎవరో తెలిస్తే ఇది ఎన్ని ఇళ్లకు సంబంధించిన విషయమో అర్థమవుతుంది. 1840లో నెల్లూరుకు, ఆ తరువాత ఒంగోలుకు వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషను కాలం నుంచి ఈ రెండు ఊళ్లలోనూ చర్చి పాటకు గట్టి పునాది ఉంది. హార్మోనియం, తబలా ఉన్నచోటికి ఇవాళ కీబోర్డు, గిటారు వచ్చి చేరాయి. నా దగ్గరకు వచ్చే పిల్లల్లో ఎక్కువమంది ఆదివారం ఆరాధనలో వాయించాలని గిటారు మొదలుపెట్టినవారే. పెళ్లిళ్లకు, శ్రీరామనవమి పందిళ్లకు, వినాయక చవితికి కచేరీలు చేసే ఆర్కెస్ట్రాల్లో చేరాలనుకునే వారు, కాలేజీ వార్షికోత్సవం కోసం నేర్చుకునే వారు తక్కినవారు. వీరందరికీ స్టేజీ వారానికో నెలకో ఒక పూట. మిగతా రోజులన్నీ పడకగదిలోనో, హాల్లో టీవీ పక్కనో కూర్చుని సాధన చేయవలసిందే. కొనేటప్పుడు మాత్రం ఆ ఒక్క పూటను మనసులో పెట్టుకుని కొంటున్నారు.

పెద్ద యాంప్లిఫయరు చిన్న గదిలో ఏం చేస్తుందో ఆ కుర్రవాడి పక్కన కూర్చుని చూశాను. వాల్యూమ్ నాబ్ చుట్టూ సున్నా నుంచి పది దాకా అంకెలున్నాయి. అతను బొటనవేలు, చూపుడువేలు రెండూ ఆనించి, ఊపిరి బిగబట్టి, నాబ్‌ను వెంట్రుకవాసి తిప్పుతాడు. ఏమీ వినిపించదు. మరో వెంట్రుకవాసి తిప్పేసరికి కిటికీ అద్దాలు గలగలమంటాయి, వంటింట్లోంచి తల్లి కేక వేస్తుంది, అతను చటుక్కున నాబ్‌ను సున్నాకు తెచ్చేస్తాడు. పది అంకెల్లో అతనికి దక్కింది ఒక అంకెలో సగం కూడా కాదు. ఆ కాస్త జాగాలో తీగను మెత్తగా మీటడానికీ గట్టిగా మీటడానికీ ఉన్న తేడా వినే అవకాశమే లేదు. చివరికి అతను యాంప్లిఫయరు స్విచ్ వేయడం మానేసి, ఉత్త తీగల మీద వాయించుకోవడం మొదలుపెట్టాడు.

సాధన చెడిపోయేది సరిగ్గా ఇక్కడే. మామూలు గిటారుకున్న డొల్ల పొట్ట ఎలక్ట్రిక్ గిటారుకు ఉండదు. గట్టి చెక్క మీద తీగలు బిగించినది కాబట్టి యాంప్లిఫయరు లేకపోతే దాని శబ్దం వాయించేవాడి చెవికి కూడా సరిగా అందదు. అందని శబ్దం కోసం కుడిచేయి అవసరానికి మించిన బలంతో కొట్టడం అలవాటు చేసుకుంటుంది. మీటని తీగలు మోగకుండా అరచేతి అంచుతో అదిమి ఉంచడం, ఎడమచేతి వేలు ఒక మెట్టు నుంచి మరో మెట్టుకు జారేటప్పుడు తీగ కీచుమనకుండా చూసుకోవడం, స్వరాన్ని ఎంతసేపు నిలపాలో అంతసేపే నిలిపి ఆపడం, ఇవన్నీ యాంప్లిఫయరు వింటూ నేర్చుకోవలసిన పనులు. యాంప్లిఫయరు లేని సాధనలో ఆ తప్పులు దాక్కుని ఉండి, ఆదివారం చర్చిలో పెద్ద స్పీకర్లలోంచి ఒక్కసారిగా బయటపడతాయి. పిల్లవాడు బిక్కచచ్చిపోతాడు. తనకు సంగీతం రాదనుకుని గిటారు మానేసిన పిల్లల్ని నేనెరుగుదును. వారికి లేనిది సంగీతం కాదు, ఇంట్లో భయం లేకుండా వినగలిగే యాంప్లిఫయరు.

వాట్లకూ చెవికి వినిపించే శబ్దానికీ ఉన్న సంబంధం కొనేవారికి ఎవరూ చెప్పడం లేదు. 100 వాట్ల యాంప్లిఫయరు 10 వాట్ల దానికన్నా పదిరెట్లు గట్టిగా వినిపిస్తుందని చాలామంది అనుకుంటారు. చెవి అలా లెక్క కట్టదు. శబ్దాన్ని డెసిబెల్స్‌లో కొలుస్తారు. శక్తి, అంటే వాట్లు, రెట్టింపయితే పెరిగే శబ్దం మూడు డెసిబెల్స్; ఆ తేడా శ్రద్ధగా వింటేనే తెలుస్తుంది. శక్తి పదిరెట్లయితే పది డెసిబెల్స్ పెరుగుతుంది, అది చెవికి సుమారుగా రెండింతలుగా తోస్తుంది. అంటే 50 వాట్ల యాంప్లిఫయరు 5 వాట్ల దానికి రెండింతలే. దీన్నే అటునుంచి చూస్తే, ఐదు వాట్లు చిన్న శబ్దం కానే కాదని తేలుతుంది. గిటారు యాంప్లిఫయర్లలో వాడే మంచి స్పీకర్లు ఒక్క వాట్టు అందిస్తే మీటరు దూరంలో 95 నుంచి 100 డెసిబెల్స్ దాకా శబ్దం చేస్తాయి. అదే దూరంలో ఇద్దరు మామూలుగా మాట్లాడుకుంటే 60 డెసిబెల్స్ ఉంటుంది. ఇంటి సాధనకు 70 డెసిబెల్స్ ధారాళంగా సరిపోతుంది. ఒక వాట్టుకు 97 డెసిబెల్స్ ఇచ్చే స్పీకరు నుంచి 70 డెసిబెల్స్ రావడానికి కావలసినది ఒక వాట్టులో 500వ వంతు మాత్రమే. తీగను గట్టిగా మీటిన క్షణంలో శబ్దం సగటు కన్నా పదిహేను, ఇరవై డెసిబెల్స్ పైకి లేస్తుంది. ఆ ఎగుడుకు చోటు వదిలినా వాట్టులో ఐదో వంతుతో పని జరిగిపోతుంది. చిన్న స్పీకర్ల సామర్థ్యం ఇంతకన్నా తక్కువ. వాటికి 90 డెసిబెల్స్ అనుకుని లెక్క వేసినా ఒక్క వాట్టు చాలు. ఐదు వాట్లని నేనంటున్నది ఆపైన మరికొంత వెసులుబాటు వదిలి చెబుతున్న మాట.

రేపు స్టేజీకి పనికొస్తుందన్న దుకాణం వారి మాటలో కూడా పస లేదు. పెద్ద యాంప్లిఫయర్లు పుట్టిన కాలం వేరు. 1960లలో ఇంగ్లండులో రాక్ బృందాలు పెద్ద పెద్ద హాళ్లలో వాయించడం మొదలుపెట్టినప్పుడు అక్కడి మైకుల ఏర్పాటు గాయకుడి గొంతుకే అంతంతమాత్రంగా సరిపోయేది. గిటారు చివరి వరుసకు వినిపించాలంటే గిటారిస్టు వెనకున్న యాంప్లిఫయరు పెట్టె ఒక్కటే ఆ భారమంతా మోయాలి. ద హూ బృందానికి చెందిన పీట్ టౌన్‌షెండ్ లాంటి వారు ఇంకా గట్టిగా కావాలని అడగ్గా, 1965 ప్రాంతంలో లండన్‌లో జిమ్ మార్షల్ 100 వాట్ల యాంప్లిఫయర్లు తయారు చేయించాడు. ఇవాళ చిన్న యాంప్లిఫయరు ముందు ఒక మైకు నిలబెట్టి దాన్ని మిక్సరుకు, అంటే మైకుల శబ్దాలన్నిటినీ కలిపే పెట్టెకు, కలిపితే, హాల్లో ఉన్న పెద్ద స్పీకర్లే గిటారును కడదాకా చేరుస్తాయి. మన చర్చిల్లోనూ కల్యాణ మండపాల్లోనూ మిక్సరు, పెద్ద స్పీకర్లు ఇప్పటికే ఉన్నాయి. కుర్రవాడు 100 వాట్ల పెట్టెను ఆటోలో వేసుకుని మోసుకుపోవలసిన పని లేదు.

చిన్న యాంప్లిఫయరు చరిత్ర వీటన్నిటికన్నా పాతది. కాలిఫోర్నియాలో లియో ఫెండర్ 1948లో ఛాంపియన్ 800 అనే చిన్న పెట్టెను ఎనిమిది అంగుళాల స్పీకరుతో తయారు చేశాడు. ఒళ్లో పెట్టుకుని వాయించే స్టీలు గిటారుకు జతగా, కొత్తగా నేర్చుకునే వారిని ఉద్దేశించి చేసినదది. ఆ వరసలోనే తరువాత ఛాంప్ అనే పేరుతో వచ్చిన దానిలో పవర్ వాల్వు (శక్తిని పెంచే గాజు గొట్టం) ఒక్కటే ఉంటుంది, వచ్చేది సుమారు ఐదు వాట్లు. విద్యార్థుల కోసం చేసిన ఆ పెట్టె మెల్లగా రికార్డింగు స్టూడియోల్లోకి చేరింది. స్పీకరుకు జానెడు దూరంలో మైకు పెట్టినప్పుడు ఆ పెట్టె గదిని అదరగొడుతోందా లేదా అన్నది రికార్డుకు అనవసరం. స్వరం నిండుగా ఉంటే చాలు.

ఆ నిండుదనం ఎలా వస్తుందో కొంచెం చెప్పాలి, ఎందుకంటే పిల్లలు పెద్ద యాంప్లిఫయరు కావాలని పట్టుబట్టేది దానికోసమే. వాల్వు యాంప్లిఫయరును దాని హద్దు దాకా నడిపితే శబ్ద తరంగం కొనలు నలిగి, అసలు స్వరానికి పైన పలికే కొత్త అనుస్వరాలు (హార్మోనిక్స్) తోడవుతాయి. రాక్ గిటారులో వినిపించే ఆ గరుకు, ఆ కమ్మదనం అలా వచ్చినవే. 100 వాట్ల వాల్వు యాంప్లిఫయరు ఆ హద్దుకు చేరాలంటే వీధి మొత్తం అదరాలి. ఐదు వాట్లది అంతకన్నా ఎంతో ముందే చేరుతుంది. అయినా దాన్ని పూర్తిగా తెరిస్తే అది కూడా ఫ్లాటుకు ఎక్కువే. అందుకే కొన్నిటిలో ఒక వాట్టుకో అర వాట్టుకో దించే స్విచ్ పెడుతున్నారు. పైగా వాల్వులు పోతే పినాకిని రైలెక్కి చెన్నై రిచీ స్ట్రీట్ దాకా వెళ్లి వెతుక్కోవాలి కాబట్టి విద్యార్థులకు నేను వాల్వు యాంప్లిఫయరు చెప్పను. ట్రాన్సిస్టర్లతోనో డిజిటల్ పద్ధతిలోనో పనిచేసే చిన్నవాటిలో గిటారు నుంచి వచ్చే సంకేతాన్ని మొదట్లోనే పెంచే గెయిన్ అని ఒక నాబ్, వాల్యూమ్ అని మరొక నాబ్ విడివిడిగా ఉంటాయి. మొదటిది పెంచి రెండోది తగ్గిస్తే, మాట్లాడే గొంతుకు కాస్త పైస్థాయిలోనే ఆ గరుకుదనం పలుకుతుంది. రోలాండ్ మైక్రో క్యూబ్ లాంటి రెండు మూడు వాట్ల పెట్టె ఐదు అంగుళాల స్పీకరుతో, కావాలంటే ఆరు పెన్సిల్ సెల్స్‌తో నడుస్తుంది. వాక్స్ పాత్‌ఫైండర్ 10, ఫెండర్ ఫ్రంట్‌మన్ 10జి లాంటివి పది వాట్లవి. నేను ఏ కంపెనీ తరఫునా మాట్లాడటం లేదు, ఈ తరహాది ఏదైనా సరే.

అలాగని బెల్టుకు తగిలించుకునే బుల్లి పెట్టెల్ని కూడా కొనవద్దనే నా సలహా. గిటారులో అన్నిటికన్నా మందమైన తీగ 82 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 82 కంపనాలతో, మోగుతుంది. రెండు మూడు అంగుళాల స్పీకరు ఆ మంద్రాన్ని పలకలేదు. పిల్లవాడు సన్నతీగల్ని మాత్రమే వింటూ, మందపు తీగల మీద ఏం చేస్తున్నాడో తెలియకుండానే పాఠం ముగిస్తాడు. వాట్లు తగ్గించండి గాని స్పీకరును మరీ తగ్గించకండి అని తల్లిదండ్రులకు చెబుతుంటాను. ఆరున్నర నుంచి ఎనిమిది అంగుళాల స్పీకరు ఇంటికి హాయిగా ఉంటుంది. తక్కువ శబ్దంలో వాయిస్తే స్వరం పలచగా ఉందని కొందరు పిల్లలు ఫిర్యాదు చేస్తారు. అది యాంప్లిఫయరు లోపం కాదు, చెవి స్వభావం. శబ్దం తగ్గేకొద్దీ మంద్ర ధ్వనులు మిగతావాటికన్నా ఎక్కువగా తగ్గినట్టు మన చెవికి వినిపిస్తాయని ఫ్లెచర్, మన్సన్ అనే అమెరికన్ పరిశోధకులు 1933లోనే కొలిచి చూపారు. బాస్ నాబ్ కాస్త పెంచుకుంటే ఆ లోటు తీరిపోతుంది.

యాంప్లిఫయరు ఎంత చిన్నదైనా దాన్ని ఎక్కడ పెట్టామన్నది అంతే ముఖ్యం. అందరూ నేల మీద, గది మూలన పెడతారు. ఎదురుగా కుర్చీలో కూర్చున్న పిల్లవాడి మోకాళ్ల వైపు స్పీకరు చూస్తూ ఉంటుంది. తారస్థాయి ధ్వనులు టార్చిలైటు వెలుగులా సూటిగా పోతాయి కాబట్టి అవి అతని చెవికి అందవు. శబ్దం మందంగా ఉందనుకుని ట్రెబుల్ పెంచుతాడు, తరువాత వాల్యూమ్ పెంచుతాడు. రెండు గోడలు కలిసే మూల మంద్రాన్ని మరింత పెంచుతుంది. అది శ్లాబులోకి దిగి కింది ఇంటివారి మంచం దాకా వెళ్తుంది. ఆ విద్యార్థి ఇంటికి నా చిన్న పెట్టెను తీసుకుపోయి, ప్లాస్టిక్ స్టూలు మీద దుప్పటి మడత వేసి, దాని మీద పెట్టెను కొంచెం వెనక్కి వాల్చి అతని చెవి వైపు తిప్పాను. గోడకు మూరెడు ఇవతలికి జరిపాను. నాబ్ ఐదు దాకా వెళ్లింది. తల్లి పక్క గదిలో టీవీ శబ్దం పెంచకుండానే సీరియల్ చూస్తూ ఉంది. పక్క ఫ్లాటాయన్ని పిలిచి వారి హాల్లోనే నిలబడి వినమంటే, గిటారు మొదలుపెట్టారా అని ఆయన మళ్లీ మమ్మల్నే అడిగారు.

నెల్లూరు ఎండల్లో కిటికీలన్నీ మూసుకుని సాధన చేయమనడం న్యాయం కాదు. కాని ఇటుక గోడలోంచి పోయే శబ్దం కన్నా తెరిచిన కిటికీలోంచి, వెంటిలేటరులోంచి, తలుపు కింది సందులోంచి పోయేదే ఎక్కువని గుర్తుంచుకుని, స్పీకరు ముఖాన్ని కిటికీ వైపు కాకుండా పరుపు వైపో బట్టల వైపో తిప్పితే సగం బాధ తగ్గుతుంది.

విద్యుత్తు గురించి ఒక జాగ్రత్త చెప్పకుండా ఉండలేను. ఎలక్ట్రిక్ గిటారు తీగలు యాంప్లిఫయరు ద్వారా ఎర్తుకు కలిసి ఉంటాయి, వాయించేవాడి వేళ్లు ఎప్పుడూ ఆ తీగల మీదే ఉంటాయి. మన పాత ఇళ్లలో సాకెట్టుకు మూడు రంధ్రాలున్నా వెనక ఎర్తు తీగ ఉండని సందర్భాలు ఎన్నో. అటువంటి చోట స్పీకరులో ఎడతెగని హమ్ము వస్తుంది, లీకేజీ ఉంటే వేళ్లు జుమ్మంటాయి. కొందరు ప్లగ్గులోని ఎర్తు పిన్ను తీసేసి రెండు పిన్నులతో నడుపుతారు. అది ప్రాణాల మీదికి తెచ్చే పని. ఎలక్ట్రీషియన్ చేత ఎర్తింగు చూపించి, బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (లీకేజీ ఉంటే కరెంటును తనంతట తానే ఆపే స్విచ్) పెట్టించాలి. అమెరికాలో ఉన్న బంధువులు ప్రేమగా తెచ్చిచ్చే యాంప్లిఫయర్లు చాలావరకు 120 వోల్టులవి. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు లేకుండా మన 230 వోల్టుల సాకెట్టులో పెట్టకూడదు. సెల్స్‌తో నడిచే చిన్న పెట్టెకు ఈ రెండు బాధలూ లేవు, కరెంటు పోయినా పాఠం ఆగదు.

ఇంట్లో ఉన్న హోమ్ థియేటరుకో, పాత అహుజా మైకు సెట్టుకో గిటారు తగిలిస్తే సరిపోదా అని అడిగేవారున్నారు. సరిపోదు. గిటారు పికప్ (తీగల కదలికను విద్యుత్తుగా మార్చే భాగం) నుంచి వచ్చే బలహీనమైన విద్యుత్తుకు పది లక్షల ఓముల వంటి ఎక్కువ నిరోధం గల ఇన్‌పుట్ కావాలి. మైకు ఇన్‌పుట్‌లలో అది చాలా తక్కువ కాబట్టి తారస్వరాలు చచ్చిపోయి గిటారు మూగబోతుంది. హోమ్ థియేటరు స్పీకర్లయితే గరుకు స్వరంలోని పదునంతా చెవిలో గుచ్చుకునేలా వినిపిస్తాయి. గిటారు యాంప్లిఫయరు స్పీకరు ఐదు వేల హెర్ట్జ్ దాటిన ధ్వనుల్ని తనంతట తానే తగ్గిస్తుంది, స్వరం వినసొంపుగా ఉండటానికి అదీ ఒక కారణం.

హెడ్‌ఫోన్లు పెట్టుకుని వాయించుకోమని సంఘం పెద్దలొకరు సూచించారు. రాత్రి తొమ్మిది దాటిన తరువాత నేనూ అదే చెబుతాను, చిన్న యాంప్లిఫయర్లలో చాలావాటికి హెడ్‌ఫోన్ జాక్ ఉంటుంది కూడా. కాని రోజంతటికీ అదే మార్గమంటే ఒప్పుకోలేను. చెవికి ఆనించిన శబ్దం ఎంత పెరిగిందో పెద్దవారికి తెలియదు, పిల్లవాడికీ తెలియదు. పెద్దలు వారానికి 40 గంటలకు మించకుండా 80 డెసిబెల్స్ వినవచ్చని, పిల్లలకు అదే వ్యవధికి 75 డెసిబెల్స్ హద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. హెడ్‌ఫోన్లలో దాన్ని దాటడం చాలా తేలిక. దానికి తోడు, పక్కన కూర్చుని తాళం వేయడానికి తల్లికి, తప్పు దిద్దడానికి అక్కకు, కలిసి పాడటానికి నాయనమ్మకు ఆ గిటారు వినిపించాలి కదా. ఇంట్లో సంగీతమంటే నాకు తెలిసింది అదే.

కరెంటు పెట్టెలోంచి వచ్చేది సంగీతమా అనే పెద్దలు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. వారికి పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారిని గుర్తు చేస్తాను. ఆయన చేతిలో ఉన్నది ఎలక్ట్రిక్ మాండలిన్. స్వరం వెంటనే ఆరిపోయే వాద్యం మీద కర్ణాటక సంగీతపు గమకాలు పలకడానికి ఆ విద్యుత్తు సాయమే ఆయనకు దారి ఇచ్చింది. ఇవాళ వీణకు కాంటాక్ట్ మైకు తగిలించుకోని కచేరీలు అరుదు. ఇంట్లో వీణ సాధన చేసేవారు కూడా ఇదే చిన్న పెట్టెను గెయిన్ బాగా తగ్గించి వాడుకోవచ్చు.

ఇక చట్టం మాట. శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు 2000లో వచ్చాయి, 2010లో వాటిని సవరించారు. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు దాకా. సొంత స్థలంలో వాడే శబ్ద పరికరం వల్ల ఆ స్థలం సరిహద్దు దగ్గర శబ్దం ఈ హద్దును ఐదు డెసిబెల్స్ కన్నా ఎక్కువగా మించకూడదు. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, న్యాయస్థానాల చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలంగా ప్రకటిస్తే అక్కడ హద్దు 50, 40 డెసిబెల్స్. పొగతోటలో ఆసుపత్రుల మధ్య కాపురముండే వారు మరింత జాగ్రత్తగా ఉండాలి. ప్రశాంతంగా జీవించడం పౌరుల ప్రాథమిక హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2005 జులై 18న చెప్పిన తీర్పును నేను మనసారా గౌరవిస్తాను. ఇవన్నీ శబ్దానికి హద్దులు గీస్తున్నాయి. ఏ వాద్యం వాయించాలో వాయించకూడదో ఇవి చెప్పడం లేదు. పొద్దున్నే అన్ని ఫ్లాట్లలోనూ తిరిగే మిక్సీ 80 డెసిబెల్స్ దాటుతుంది, దాన్ని ఎవరూ నిషేధించలేదు. ఆ సంఘం వారు నోటీసును మార్చి, పది వాట్లకు మించిన యాంప్లిఫయరు వాడరాదని, సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా సాధన చేసుకోవచ్చని, పబ్లిక్ పరీక్షల రోజుల్లో హెడ్‌ఫోన్లే వాడాలని రాస్తే ఫిర్యాదు చేసినవారికీ న్యాయం జరుగుతుంది, నేర్చుకునేవారికీ చోటు దొరుకుతుంది. వారు పిలిస్తే నా పెట్టెతో వచ్చి, ఏ ఫ్లాటులో నిలబడి వినాలంటే అక్కడ వినిపిస్తాను.

నెల్లూరులోనూ ఒంగోలులోనూ వాద్యాలు అమ్మే దుకాణాల వారికి ఒక విన్నపం. చిన్న యాంప్లిఫయర్లు తెప్పించి అద్దాల వెనక కాకుండా చేతికందేలా పెట్టండి. వినిపించేటప్పుడు నాబ్ సగానికి తిప్పి వినిపిస్తారు, ఆ హోరులో ఏది మంచిదో ఎవరికీ తెలియదు. ఇద్దరు పక్కనే నిలబడి మాట్లాడుకోగలిగినంత శబ్దంలో వినిపించండి. కొనేవారు కూడా అలాగే అడగాలి. అంత తక్కువలోనూ ఆరు తీగలూ విడివిడిగా పలికితే ఆ పెట్టె ఇంటికి తగినది.

ఇప్పటికే పెద్దది కొన్నవారు దిగులుపడనక్కర లేదు. వెనక ఎఫెక్ట్స్ లూప్ అనే రెండు రంధ్రాలున్న యాంప్లిఫయరు అయితే, ఆ రెంటి మధ్య ఒక చిన్న వాల్యూమ్ డబ్బా తగిలిస్తే శబ్దాన్ని కావలసినంత మెల్లగా దించుకోవచ్చు. అది లేనివారు గిటారు మీదున్న వాల్యూమ్ నాబ్‌ను సగానికి తగ్గించినా కొంత ఊరట దొరుకుతుంది. ఆ విద్యార్థి తండ్రికి మాత్రం నేను మరో దారి చెప్పాను. వారి చర్చిలో గిటారు వాయించే పిల్లలు నలుగురున్నారు, నలుగురి ఇళ్లలోనూ ఇటువంటి బరువైన పెట్టెలే ఉన్నాయి. ఒకటి చర్చిలో శాశ్వతంగా ఉంచి, మిగతా మూడూ అమ్మేసి, వచ్చిన డబ్బుతో నలుగురికీ చిన్నవి కొనవచ్చు. చర్చి పెద్దలతో ఈ ఆదివారం మాట్లాడతానని ఆయన మాట ఇచ్చారు.

భవదీయుడు,
ఒక గిటారు ఉపాధ్యాయుడు,
నెల్లూరు.